తొర్ర కనిపించగానే రంపం తేవాలా?

గాలివాన వెలిసిన మర్నాటి నుంచి నాకు ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా అడిగింది ఒకటే: "ఈ చెట్టు పడుతుందా, పడదా?" పడదని రాసిచ్చే చెట్ల మనిషి ఎవరైనా ఎదురైతే ఆయన్ని నమ్మకండి. ముప్పై ఏళ్ళు తాడు కట్టుకుని చెట్లెక్కాను. మోకాళ్ళు ఒప్పుకోక ఇప్పుడు కింద నుంచే చూస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను చెప్పగలిగింది, పడే అవకాశం ఎంత, పడితే ఎవరి మీద అన్నంత వరకే. ఆ రెండో సగాన్ని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

*

ప్రశ్న: సార్, మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. మొదట్లో తొర్ర పడింది. చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోతోంది. చెట్లు కొట్టే మేస్త్రీని పిలిస్తే "వచ్చే వానకు పడిపోతుంది, ఇప్పుడే కొట్టించేయండి" అన్నాడు. సంఘంలో సగం మంది కొట్టించమంటున్నారు, సగం మంది ఆకు ముట్టుకున్నా ఊరుకోమంటున్నారు. సంతకం పెట్టాల్సింది నేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మూడు ఫొటోలు పంపుతున్నాను.
— ఒక నివాసుల సంఘం కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ, ఫొటోలు చూశాను. నన్ను కంగారు పెట్టింది తొర్ర కాదు. రెండో ఫొటోలో, వాచ్‌మన్ కుర్చీకి సరిగ్గా పైన, ఆకు లేని కొమ్మ ఒకటి ఉంది చూడండి. బెరడు ఊడిపోయి తెల్లగా కనిపిస్తోంది, అంటే చచ్చి చాలా కాలమైంది. 15 సెంటీమీటర్ల లావు, మూడు మీటర్ల పొడవు ఉన్న ఎండుకొమ్మ దాదాపు 30 కిలోలు తూగుతుంది. అది పడటానికి గాలి కూడా అక్కర్లేదు. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా కబురు పంపాను. కుర్చీ ఈపాటికి జరిపే ఉంటారు. కొమ్మను కూడా ఈ వారంలోనే దింపించండి. దీనికి సంఘం మీటింగ్ పెట్టనక్కర్లేదు, ఎండుకొమ్మ తీస్తే ఆకు ప్రేమికులు కూడా కాదనరు.

ఇక తొర్ర సంగతి. పడుతుందని చెప్పిన మేస్త్రీకే కొట్టే పనీ దక్కుతుంది, కలపా దక్కుతుంది. ఆయన అబద్ధమాడాడని అనను. రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు ఇంకొకరిని కూడా అడగడం మంచిది.

మాను గాలికి వంగేటప్పుడు భారం మోసేది నడుమ ఉన్న చెక్క కాదు, అంచున ఉన్నది. వెదురుబొంగు లోపల ఏముందని అంత గట్టిగా నిలబడుతోంది? దీనికి లెక్క ఉంది. మాను అడ్డకొలతలో సగం బోలైపోయినా, వంపును తట్టుకునే బలంలో తగ్గేది 6 శాతమే. 70 శాతం బోలైతే 24 శాతం తగ్గుతుంది. అక్కడి నుంచి మాత్రం జారుడుబండే: 80 శాతం బోలుకు 41, 90 శాతం బోలుకు 66. జర్మనీ భౌతికశాస్త్రవేత్త క్లాస్ మాటెక్ విరిగిన చెట్లనూ నిలబడ్డ చెట్లనూ కొలిచి ఒక కొండగుర్తు చెప్పాడు. మాను వ్యాసార్ధంలో చుట్టూ మిగిలిన గట్టి గోడ 30 శాతానికి తగ్గితే అనుమానించమన్నాడు. మీ చెట్టు మీటరు లావుందని రాశారు. అంటే వ్యాసార్ధం 50 సెంటీమీటర్లు, గోడ 15 సెంటీమీటర్లు ఉండాలి.

ఈ లెక్క పట్టుకుని అప్పుడే సంబరపడకండి. గోడ చుట్టూ మూసుకుని ఉన్న గుండ్రటి మానుకు సరిపోయే లెక్క ఇది. మీ తొర్రకు నోరుంది. నోరున్న గొట్టం మూసిన గొట్టమంత బలంగా ఉండదు. చుట్టుకొలతలో మూడో వంతు మేర నోరు తెరుచుకుంటే గోడ ఎంత మందం ఉన్నా నేను తేలిగ్గా తీసుకోను. ఇంకోవైపు చూస్తే, పొట్టిగా, తల చిన్నగా ఉన్న ముసలి చెట్లు ఇంతకన్నా పల్చటి గోడతో తరాలు నిలబడ్డవీ ఉన్నాయి. గాలి పట్టే తెరచాప చిన్నదైతే స్తంభం సన్నగా ఉన్నా ఆగుతుంది.

మీరే చేయగలిగిన పని ఒకటుంది. చెక్క సుత్తి గానీ నైలాన్ సుత్తి గానీ తీసుకుని మాను చుట్టూ, నేల నుంచి తలెత్తు దాకా, జానెడు జానెడు దూరంలో తట్టండి. గట్టి చెక్క 'టక్' అంటుంది. పల్చటి గోడ డోలు మీద కొట్టినట్టు 'డబ్' అంటుంది. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. చివరికి మాను మీద ఒక పటం తయారవుతుంది. ఆ తర్వాత సన్నటి ఇనుప ఊచను తొర్రలోంచి ఆ వైపులకు పెట్టి, మెత్తగా దిగేది ఎంత, ఆగేది ఎక్కడ అని కొలవండి. మొదలు చుట్టూ, వేర్ల సందుల్లో, అర్ధచంద్రాకారంలో గట్టి పుట్టగొడుగులు అతుక్కుని ఉన్నాయేమో వంగి చూడండి. పైన లక్క పూసినట్టు ఎర్రగోధుమ మెరుపు, అంచు తెలుపు, చుట్టూ కోకో పొడి లాంటి దుమ్ము కనిపిస్తే అది గానోడెర్మా జాతి కావచ్చు. అది తినేది మొదలునూ వేర్లనూ. అలాంటిది ఉంటే తొర్ర గోడ లెక్క పక్కన పెట్టేయాల్సిందే. మాను నిలిచినా వేరు నిలవకపోవచ్చు.

ఈ వివరాలతో, చెట్టు కొట్టే పనితో సంబంధం లేని తనిఖీదారును పిలవండి. ఆయనకు అనుమానం మిగిలితే పరికరాలున్నాయి. మూడు మిల్లీమీటర్ల మొన ఉన్న సూదిని మానులోకి దింపి చెక్క ఎంత ఎదురు తిరుగుతోందో గీత గీసే రెసిస్టోగ్రాఫ్ ఒకటి. చుట్టూ సెన్సర్లు పెట్టి తట్టి, శబ్దం ప్రయాణించే వేగాన్ని బట్టి లోపలి బొమ్మ చూపించే సోనిక్ టోమోగ్రాఫ్ ఇంకొకటి. అన్ని చెట్లకూ ఇవి అవసరం లేదు. అసలు చూడాల్సినదంతా చూసేశాక మిగిలిన ఒక్క సందేహం తీర్చుకోవడానికే ఇవి.

చివరిగా, మీ గొడవకు మూలమైన మాట. చెట్టులో ఉన్నది లోపం. దాని కింద ఎవరైనా ఉంటేనే అది ప్రమాదం. మనిషి అడుగు పెట్టని చోట బోలు చెట్టు కూలితే నేలకు ఎరువు, అంతే. మీ గేటు దగ్గర ఒక మనిషి రోజుకు 15 నిమిషాలు ఉంటాడనుకుందాం. చెట్టు పడే క్షణానికి అతను అక్కడ ఉండే అవకాశం నూటికి ఒకటి. 12 గంటలు అదే కుర్చీలో కూర్చునే వాచ్‌మన్‌కు నూటికి యాభై. చెట్టు అదే, గాలి అదే, తేడా అంతా కుర్చీది. కొట్టడానికీ వదిలేయడానికీ నడుమ చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి: కుర్చీ జరపడం, పార్కింగ్ గీతలు మార్చడం, పొడవైన కొమ్మల కొసలు తగ్గించి తెరచాపను చిన్నది చేయడం, ఏడాది ఆగి గోడను మళ్ళీ కొలవడం. ఇవన్నీ చేసినా ప్రమాదం తగ్గదని తనిఖీదారు కాగితం మీద రాసిస్తే, అప్పుడు నిశ్చింతగా సంతకం పెట్టండి. స్థానిక అనుమతి ముందే తీసుకోవడం మరవకండి.

*

ప్రశ్న: మా కాలనీ పార్కులో ఒక చెట్టు బాగా ఒరిగి ఉంది. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తున్నాను. పిల్లల్ని దాని కింద ఆడనివ్వచ్చా?
— ఒక తాతయ్య

జవాబు: మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. చెట్ల విషయంలో దాన్ని కొంచెం తిప్పి చెప్పాలి, తాతగారూ. మొక్కప్పుడే వంగి మానైన చెట్టుతో సాధారణంగా ఇబ్బంది లేదు. మాను అయ్యాక వంగిన చెట్టుతోనే భయం. వెలుతురు కోసం చిన్నప్పుడే పక్కకు పెరిగిన చెట్టు కొస దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ నిటారుగా లేస్తుంది, కత్తి వంపులా. ఒరిగిన వైపుకు తగ్గట్టు చెక్కనూ వేర్లనూ అదనంగా పెంచుకుంటుంది. మీరు చిన్నప్పటి నుంచీ చూస్తున్నారంటే అది ఈ రకమే అయి ఉండాలి. మొన్నటి గాలికి ఒరిగిన చెట్టు అలా కాదు, కొసదాకా కర్రలా తిన్నగా వాలి ఉంటుంది. దానికి ఒరిగిన వైపుకు ఎదురుగా నేల ఉబ్బి ఉంటుంది, లేదా పగుళ్ళిచ్చి ఉంటుంది. అది కనిపిస్తే పిల్లల్నీ పెద్దల్నీ అందర్నీ దూరం పంపి, చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో తాడు కట్టి, ఫోన్ చేయండి.

*

ప్రశ్న: మా ఆఫీసు ఆవరణలో 140 చెట్లున్నాయి. ఏటా గాలుల కాలానికి ముందు అన్నిటి తలలూ ఒకే ఎత్తున కోయిస్తాం. ఖర్చయినా సేఫ్టీ ముఖ్యం కదా అని మా పై అధికారులు ఒప్పుకుంటారు. ఈసారి కొత్తగా వచ్చిన ఉద్యోగి ఒకరు ఇది తప్పంటున్నారు. ఎవరిది తప్పు?
— ఒక మేనేజర్

జవాబు: మీదే, మేనేజర్ గారూ. కొత్త ఉద్యోగికి నా తరఫున ఒక నమస్కారం.

తల నరికిన చెట్టుకు ఆకు పోతుంది, ఆకు పోతే ఆహారం పోతుంది. ప్రాణభయంతో అది కోసిన మోడు అంచుల నుంచి పదుల కొద్దీ చిగుళ్ళు తోస్తుంది. మామూలు కొమ్మ చెట్టుతో పాటు ఏటేటా పెరుగుతూ, మానులోని చెక్కతో అల్లుకుని, లోతుగా పాతుకుని ఉంటుంది. ఈ కొత్త చిగుళ్ళు బెరడు కింది పొరకు మాత్రమే పట్టుకుని వేలాడుతుంటాయి. పైగా చాలా వేగంగా పెరుగుతాయి. వాటి కింద కోసిన మోడు కుళ్ళుతూ ఉంటుంది. నాలుగైదేళ్ళకు చెట్టు మళ్ళీ పాత ఎత్తుకు వచ్చేస్తుంది. అప్పుడు మీ కార్ల మీద ఉండేవి కుళ్ళిన మోడుకు అతుక్కున్న బరువైన కొమ్మలు. మీరు ఏటా కట్టే డబ్బు ఆ ప్రమాదాన్ని కొనుక్కోవడానికే పోతోంది.

కుళ్ళు ఎందుకు ఆగదని అడగవచ్చు. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి చూశాడు. చెట్టుకు గాయం మానదు, మన చర్మంలా మళ్ళీ పూడదు. కుళ్ళు పాకకుండా చుట్టూ అడ్డుగోడలు కట్టుకుంటుంది, దెబ్బతిన్న భాగాన్ని గదిలో పెట్టి తాళం వేసినట్టు. 1977లో ఆయన ఈ సంగతిని సిద్ధాంతంగా అచ్చువేశాడు. కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక పట్టీ కనిపిస్తుంది. అక్కడ చెట్టు దగ్గర అడ్డుగోడ సరంజామా సిద్ధంగా ఉంటుంది. అందుకే ఆ పట్టీని కోయకుండా, దాని బయటి అంచునే కోయాలి. మీ వాళ్ళు కోసింది నడి కొమ్మ మీద. అక్కడ అడ్డుగోడ కట్టే ఏర్పాటు లేదు.

బరువైన కొమ్మను ఒకే కోతలో తీస్తే మధ్యలోనే విరిగి, మాను బెరడును మూరెడు మేర చీల్చుకుంటూ పోతుంది. అందుకని మూడు కోతలు. ముందు కొంచెం బయటగా కింది నుంచి పావు వంతు, తర్వాత ఇంకాస్త బయటగా పై నుంచి పూర్తిగా. బరువు పడిపోయాక మిగిలిన మోడును పట్టీ అంచున నిదానంగా. కోతకు రంగు, తారు పూయించకండి. కుళ్ళును అవి ఆపవు. తడిని పట్టి ఉంచి ఒక్కోసారి మేలు కన్నా కీడే చేస్తాయి.

ఈ ఏడాది 140 చెట్ల తలలూ వదిలేయండి. ఆ డబ్బుతో ఒక్కొక్క చెట్టును మనిషి చేత చూపించి, ఎండుకొమ్మలూ చీలిన కొమ్మలూ మాత్రం తీయించండి. పచ్చకొమ్మ తీయక తప్పకపోతే ఒక ఏడాదిలో పావు వంతుకు మించి వద్దు. ముసలి చెట్టుకు అది కూడా ఎక్కువే. ఇప్పటికే తల నరికిన చెట్లను అలా వదిలేసినా ప్రమాదమే. ప్రతి మోడు మీదా రెండు మూడు బలమైన చిగుళ్ళను ఎంచి, మిగతావి తగ్గిస్తూ కొన్నేళ్ళ పాటు తలను మళ్ళీ కట్టుకోవాలి. ఓపికతో కూడిన పని. కరెంటు తీగల దగ్గర మాత్రం మీ మనుషుల్ని ఎక్కించనే వద్దు, మూడు మీటర్ల లోపు అయితే విద్యుత్ శాఖ వాళ్ళు లైన్ ఆపి చేయాల్సిన పని అది.

*

ప్రశ్న: తొర్రలో సిమెంటు పోసి మూసేస్తే బలం వస్తుందా?
— ఒక పాఠకుడు

జవాబు: రాదు. గాలికి చెట్టు వంగుతుంది, సిమెంటు వంగదు. రెండూ ఒరుసుకుని అడ్డుగోడలు పగులుతాయి, లోపల నీరు నిలుస్తుంది. రేపు చెట్టు కోయాల్సి వస్తే రంపం పళ్ళు రాలతాయి. పూర్వం పెద్ద పెద్ద తోటల్లో కూడా ఈ పని చేసేవారు కాబట్టి మీ తప్పేం లేదు.

*

ప్రశ్న: మాస్టారూ, మా స్కూలు ఆటస్థలం పక్కన చెట్టు మొదట్లోనే రెండు మానులుగా చీలి ఉంది. చాలా అందంగా, గుబురుగా ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలు దాని నీడలోనే కూర్చుంటారు. పైకి ఏ లోపమూ కనిపించదు. మీరేమంటారు?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: మేడమ్, ఆ పంగ దగ్గరకు వెళ్ళి ఒకసారి ఆకారం చూడండి. ఇంగ్లిష్ అక్షరం 'యు'లా విశాలంగా ఉండి, కలిసే చోట బెరడు పైకి ఉబ్బి మడత కనిపిస్తే మంచిదే, లోపల చెక్క చెక్కతో అల్లుకుంది. 'వి'లా ఇరుకుగా ఉండి, బెరడు లోపలికి ముడుచుకుపోయి, సందులో చీకటి గీతలా కనిపిస్తే కథ వేరు. అక్కడ రెండు మానుల మధ్య చెక్క లేదు, నలిగిన బెరడు ఉంది. రెండూ కలిసి పెరగడం లేదు, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. లావైన కొద్దీ నెట్టుడు పెరుగుతుంది. పంగకు రెండు పక్కలా చెవుల్లా ఉబ్బి ఉంటే ఆ కష్టాన్ని కప్పుకోవడానికి చెట్టు పడుతున్న పాటు అది. పంగ కింద నిలువు పగులు, దానిలోంచి తడి కనిపిస్తే ఆ రోజే నీడ ఖాళీ చేయించాలి.

పగులు లేకపోతే రెండు మానుల్నీ పైన ఉక్కు కేబుల్‌తో కలపవచ్చు. పంగ నుంచి చెట్టు కొసదాకా ఉన్న ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర కట్టడం పద్ధతి. చుట్టూ తీగ బిగించి కట్టడం కాదు, అలా బిగిస్తే లావెక్కే చెట్టుకు ఉరి వేసినట్టే. కేబుల్ వేసిన రోజు నుంచి దాన్ని ఏటా ఎక్కి చూసే బాధ్యత కూడా మీ స్కూలుదే అవుతుంది. వేసి మరిచిపోయే ఉద్దేశం ఉంటే వేయించకండి.

ఇంకొక సంగతి. కొన్ని పెద్ద చెట్లు, ముఖ్యంగా నీలగిరి వంటివి, గాలి ఆడని వేడి మధ్యాహ్నాల్లో పచ్చటి కొమ్మను ఉన్నట్టుండి విడిచేస్తాయి. ఎందుకన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. పడేవి ఎక్కువగా నేలకు సమాంతరంగా పొడవుగా సాగిన కొమ్మలే. మీ పిల్లలు కూర్చునేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి, బెంచీలను పొడవు కొమ్మల కింద నుంచి తప్పించండి. మీకు భయం పుట్టించానేమో. బ్రిటన్‌లో వేసిన లెక్క ప్రకారం చెట్టో కొమ్మో పడి ఒక మనిషి ఒక ఏడాదిలో చనిపోయే అవకాశం సుమారు కోటికి ఒకటి. నీడ తీసేయడం వల్ల వచ్చే ఎండ పిల్లలకు రోజూ ఉంటుంది. బెంచీలు జరపండి, పంగ చూపించండి, చెట్టునుంచండి.

*

ప్రశ్న: మా క్యాంపస్‌లో పోయిన ఏడాది పైపుల కోసం గుల్మొహర్ల వరుస పక్కనే కాలువ తవ్వి పూడ్చారు. చెట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, ఈసారి పూత కూడా బాగా వచ్చింది. అయినా మా తోటమాలి ఆ వరుస కింద బండి పెట్టవద్దంటున్నాడు. చాదస్తం అనుకోవచ్చా?
— ఒక నిర్వహణ అధికారి

జవాబు: మీ తోటమాలికి జీతం పెంచండి.

ఈ ప్రశ్నకు జవాబుగా నా తప్పే చెప్పాలి. చాలా ఏళ్ళ కింద ఒక పెద్ద ఆవరణలో చెట్లు చూసి రిపోర్టు ఇమ్మన్నారు. దారి మలుపులో ఒక గుల్మొహర్, నిండా పూసి ఉంది. తట్టాను, మంచి శబ్దం. పుట్టగొడుగు లేదు, చీలిక లేదు, ఎండు లేదు. మొదలు చుట్టూ కొత్త టైల్స్ పరిచి చక్కగా ఉంది. 'లోపం కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను. పదకొండు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున అది వేర్లతో సహా దారికి అడ్డంగా పడుకుంది. గాలి కూడా పెద్దగా లేదు, ముందురోజు వానకు నేల నానింది, అంతే. రెండు మోటారుసైకిళ్ళు నలిగాయి. రెండు గంటలు ఆలస్యంగా పడి ఉంటే ఆ దారిన నడిచే మనుషులు ఉండేవారు.

వెళ్ళి చూస్తే ఒక వైపు వేర్లన్నీ ఒకే గీత మీద, కత్తితో కోసినట్టు తెగి ఉన్నాయి. కొసలు నల్లబడి ఉన్నాయి, అంటే తెగింది ఎప్పుడో. టైల్స్ వేసేముందు అక్కడ కాలువ తవ్వారట. నాకెవరూ చెప్పలేదు నిజమే, నేనూ అడగలేదు. కొత్త టైల్స్ కళ్ళ ముందు మెరుస్తుంటే వాటి కింద ఏం జరిగిందని అడగని తనిఖీ ఏం తనిఖీ? పైన పటారం, లోన లొటారం అంటే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి ఏ ఆవరణకు వెళ్ళినా చెట్టు దగ్గరకు పోకముందు నేను అడిగే మొదటి మాట: "గత అయిదేళ్ళలో ఎక్కడెక్కడ తవ్వారు?"

చెట్టుకు వేరు ఎంత లోతుంటుందో అని అందరూ కిందకే ఊహిస్తారు. నిజానికి వేర్లలో ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది, కొమ్మల నీడను దాటి బయటికి కూడా పాకుతుంది. అంటే మీరు తవ్వే పైపు కాలువ లోతూ, చెట్టు బతుకూ ఒకటే లోతు. చెట్టును నిలబెట్టే లావు వేర్లు మానుకు దగ్గర్లో ఉంటాయి, ఛాతీ ఎత్తులో కొలిచిన మాను అడ్డకొలతకు మూడు నుంచి అయిదు రెట్ల దూరం లోపు. మీ గుల్మొహర్ 40 సెంటీమీటర్ల లావుంటే 1.2 నుంచి 2 మీటర్లు. ఆ లోపల కాలువ పోయిందంటే చెట్టు కాలు తీసేసినట్టే. బ్రిటిష్ ప్రమాణం కట్టడాల దగ్గర ఇంకా విశాలంగా గీత గీస్తుంది: అడ్డకొలతకు 12 రెట్లు, అంటే ఈ చెట్టుకు 4.8 మీటర్లు.

పచ్చగా ఉంది కదా అంటారు. చెట్టు దాచుకున్న నిల్వతో, మిగిలిన వేర్లతో కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది. కొస కొమ్మలు ఎండటం, ఆకు చిన్నదవడం మూడో ఏటో నాలుగో ఏటో మొదలవుతుంది. కష్టంలో ఉన్న చెట్టు విపరీతంగా పూయడం కూడా మామూలే, కాబట్టి పూతను చూసి మురవకండి.

చేయాల్సింది ఇది. కాలువ గీతను ప్లాన్ మీద గీసి ప్రతి చెట్టుకూ దూరం కొలవండి. రెండు మీటర్ల లోపు ఉన్నవాటి మొదళ్ళ దగ్గర మట్టిని చేత్తో, మెల్లగా తీసి, తెగిన వేర్లు ఎన్ని, ఎంత లావువో చూడండి. గునపం వద్దు, ఉన్న వేర్లు కూడా పోతాయి. ఒక పక్క లావు వేర్లన్నీ తెగి ఉంటే, ఆ చెట్టును బరువు తగ్గించి గమనించాలా, తీసేయాలా అన్నది స్థలానికి వచ్చి చూసినవాళ్ళే చెప్పాలి. అప్పటిదాకా బండ్లు తోటమాలి చెప్పిన చోటే పెట్టండి. రేపు ఇంకో పైపు వేయాల్సి వస్తే వేర్ల కింద నుంచి సొరంగంలా తోసుకుపోయే యంత్రాలున్నాయి, కాలువకు ఖర్చు పెరిగినా వరుస మిగులుతుంది.

*

ప్రశ్న: చెట్ల తనిఖీ ఎన్నాళ్ళకోసారి చేయించాలి? రిజిస్టర్ ఎలా రాయాలి?
— ఒక ఆసుపత్రి పరిపాలన అధికారి

జవాబు: అన్ని చెట్లకూ ఒకే గడువు పెట్టకండి. మనుషులు రోజంతా ఉండే చోట ఏడాదికోసారి, ప్రతి గాలివాన తర్వాత ఒకసారి. ఆవరణ వెనక మూలలో మూడేళ్ళకోసారి నడిచి చూసినా చాలు. ఆకు రాల్చే చెట్లను ఒకసారి ఆకుతో, మరోసారి ఆకు లేకుండా చూడాలి. ఆకుంటే ఎండుకొమ్మ తెలుస్తుంది, లేకుంటే పంగలు తెలుస్తాయి.

రిజిస్టర్‌లో చెట్టు నంబరు, తేదీ, చూసినవాళ్ళ పేరు, నాలుగు వైపుల ఫొటోలు, కింద ఏముంది, ఏం చేయమన్నారు, ఎప్పటిలోగా, చేశారా లేదా. ఆఖరి గడి ఖాళీగా ఉన్న రిజిస్టర్లు నేను చాలా చూశాను. 'ఎండుకొమ్మ తీయాలి' అని రాసి, తీయకుండా, రెండేళ్ళకు అదే కొమ్మ పడితే ఆ పుస్తకమే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. తనిఖీదారును ఎంచుకునేటప్పుడు ఏ శిక్షణ పొందారో అడగండి. 1924లో మొదలైన అంతర్జాతీయ ఆర్బోరికల్చర్ సొసైటీ చెట్ల ప్రమాద అంచనాకు ప్రత్యేకంగా ఒక అర్హత ఇస్తుంది. అది లేని మంచివాళ్ళు కూడా ఉన్నారు. సుత్తి లేకుండా వచ్చి, మాను చుట్టూ తిరగకుండా ఒక వైపు నుంచే చూసి తీర్పు చెప్పేవాళ్ళను మాత్రం టీ ఇచ్చి పంపేయండి.

*

ప్రశ్న: వృద్ధాశ్రమం వెనక గోడ వైపు, ఎవరూ పోని మూల ఒక చెట్టు నిలువునా ఎండిపోయింది. దాని తొర్రలో చిలకలు కాపురం పెట్టాయి. కిటికీలోంచి అవే మాకు కాలక్షేపం. పడుతుందని కొట్టించేస్తామంటున్నారు. మా మాట వినేలా ఏదైనా చెప్పండి.
— పెద్దవాళ్ళందరి తరఫున ఒకావిడ

జవాబు: అమ్మా, మీ నిర్వాహకులకు ఈ పేజీ చూపించండి. ఎండిన చెట్టు ఎంత ఎత్తుంటే అంత దూరం పడుతుంది. గోడ దాకా మీ చెట్టుకు ఆరు మీటర్లు ఉందని రాశారు. కొమ్మలన్నీ తీసి మానును నాలుగైదు మీటర్ల దగ్గర ఆపితే, అది ఎటు పడినా గోడను తాకదు, అటు మనిషి కూడా పోడు. చిలకల తొర్ర మూడు మీటర్ల ఎత్తులో ఉందన్నారు కాబట్టి కోత దానికి పైనే పడుతుంది. ఆ పని గూట్లో పిల్లలు ఎగిరిపోయాక పెట్టుకోమనండి. మొదలు ఏటేటా కుళ్ళుతుంది కనక ఏడాదికోసారి సుత్తితో తట్టి చూడాలి. చుట్టూ నడుము ఎత్తు కంచె ఒకటి వేస్తే చాలు. కంచె మాత్రం కిటికీకి అడ్డం రాకుండా వేయమనండి.